విజయనగరంలో ఇంటి ప్లాన్ పాస్ చేయించుకోవాలంటే

ముందు టేపు, తరవాతే ప్లాన్. మా ఆఫీసు మెట్లెక్కిన ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే.

నేను విజయనగరం దాసన్నపేటలో ఇంటి ప్లాన్లు గీసి, పర్మిషన్ కోసం ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తుంటాను. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను, ఎల్‌టీపీ, అంటే ప్లాన్లు గీసి దాఖలు చేసే టెక్నికల్ పర్సన్‌గా లైసెన్సు ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. భర్త ఆర్మీలోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. సెలవుకి వచ్చి, మంచిరోజు చూసి శంకుస్థాపన చేసి వెళ్ళిపోతాడు. ఆ తరవాత ఇటుక దగ్గర్నుంచి ఇన్‌స్పెక్షన్ దాకా అన్నీ ఆవిడే చూసుకోవాలి. ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆగిపోయిన ఫైళ్ళు చాలా చూశాను. ఎక్కువసార్లు కారణం ఒకటే. దస్తావేజులో కొలత ఒకటి, నేల మీద ఉన్నది ఒకటి, ప్లాన్‌లో గీసింది ఇంకొకటి. మూడూ కలిసిన ఫైలుకి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. కలవని ఫైలు ఎంత పెద్దమనిషి పట్టుకెళ్ళినా షార్ట్‌ఫాల్, అంటే లోపం ఉంది, అని తిరిగొస్తుంది.

మా వైపు స్థలాలు సెంట్ల లెక్కన బేరమాడతారు, దస్తావేజులో గజాలు రాస్తారు, ప్రభుత్వ నిబంధనలేమో చదరపు మీటర్లలో ఉంటాయి. సెంటుకి 48.4 గజాలు, అంటే సుమారు 40.47 చదరపు మీటర్లు. ఇక్కడ ఐదు సెంట్ల ప్లాటు మామూలు. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు, 242 గజాలు. మీటర్లలోకి మార్చి చూడండి: 202 చిల్లర. ఆ రెండు మీటర్ల చిల్లర దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు.

ఎందుకంటే 2017లో జీవో 119 కింద వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లో సెట్‌బ్యాక్, అంటే హద్దుకీ గోడకీ మధ్య వదలాల్సిన జాగా, ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి మారుతుంది. 100 దాటి 200 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవాలంటే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. విస్తీర్ణం 200 దాటిందంటే ముందు 2 మీటర్లు. అదే 10 మీటర్ల ఎత్తుకి వెళ్తే మిగతా మూడు వైపులా మీటరున్నర. ఎదుట ఉన్న రోడ్డు పెద్దదయ్యేకొద్దీ ముందు వదలాల్సింది ఇంకా పెరుగుతుంది. 33 అడుగుల వెడల్పులో రెండు పక్కలా మరో అర మీటరు చొప్పున పోతే ఇల్లు మూడడుగుల పైన సన్నబడుతుంది. పడకగది పక్కన బాత్రూమ్ పడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఒక హవల్దారు గారి భార్య ఐదు సెంట్ల ప్లాటుకి మేనల్లుడు గీసిన ప్లాన్ తెచ్చింది. దస్తావేజు చూసి గీసినదే, గీత పొల్లు లేదు. స్థలానికి వెళ్ళి కొలిపిస్తే 233 గజాలే తేలింది. అంటే 195 చదరపు మీటర్లు. "అక్కా, అయితే పక్కవాళ్ళ గోడ మా స్థలంలోకి వచ్చేసినట్టేనా?" అని నీరుగారిపోయింది. వచ్చి ఉండొచ్చు, లేదా లే అవుట్ వేసినవాడే కొలత తక్కువ ఇచ్చి ఉండొచ్చు. అది తేల్చుకోవాల్సిన సంగతే. కానీ ప్లాన్‌లో మాత్రం నేల మీద తేలినదే గీయాలి. మన చేతిలో లేని గజాల మీద గది గీస్తే, రేపు మేస్త్రి ముగ్గు పోసేటప్పుడు ఆ గది పక్కింటి గోడకి తగులుతుంది. పైగా ఆవిడ విషయంలో కొలత తగ్గడం వల్ల ప్లాటు 200 లోపు వరసలోకి వచ్చింది, పక్కల వదలాల్సింది తగ్గింది. మీ ప్లాన్ గీసేవాళ్ళని "ఏ విస్తీర్ణం మీద సెట్‌బ్యాక్ లెక్క కట్టారు?" అని తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి తడుముకునేవాళ్ళ దగ్గర గీయించుకోకండి.

కొలిచేటప్పుడు నాలుగు పక్కలతో ఊరుకోవద్దు. రెండు కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కూడా కొలిపించండి. పక్కలు నాలుగూ సరిగ్గా ఉండి, ప్లాటు మాత్రం వంకరగా ఉండే స్థలాలు కోట చుట్టుపక్కల పాత పేటల్లో బోలెడు. కర్ణాలు కొలవకపోతే ఆ వంకర ప్లాన్‌లోకి రాదు. ఇరుగుపొరుగు వాళ్ళని కూడా పిలిచి నిలబెట్టి కొలిపించడం మంచిది. అప్పుడే మాటా మాటా అయిపోతే నష్టం లేదు, గోడ లేచాక అయితేనే కష్టం.

ఇక కాగితాలు. రిజిస్టర్డ్ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలూ తాకట్లూ చూపే కాగితం), ఖాళీ స్థలం పన్ను రసీదు, స్థలం ఫొటోలు, లే అవుట్ ప్లాటు అయితే ఆ లే అవుట్ నకలు. ఒకప్పుడు పొలమై ఉంటే 2025 దాకా వ్యవసాయేతర భూమిగా మారినట్టు కాగితం కూడా అడిగేవారు. ఈసీని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. అది చూసేటప్పుడు మీ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అదే 22ఏ అంటారు, ఉందేమో కూడా చూడండి. మాది సంస్థానం నేల. ఈనాం భూములు, దేవుడి మాన్యాలు, ఎస్టేటు భూములు ఊరి చుట్టూ కలగలిసి ఉన్నాయి. పక్క ప్లాటుకి పర్మిషన్ వచ్చింది కాబట్టి మనదీ వస్తుందని అనుకోకండి. సర్వే నంబరులో ఒక సబ్‌డివిజన్ తేడా చాలు.

పేర్లు కూడా చూసుకోండి. దస్తావేజులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అప్లికేషన్ పెట్టకముందే సరిచేయించుకోవాలి. తండ్రి పేరున ఉన్న స్థలమైతే, ఆయన పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పంపకం దస్తావేజు రాసుకోకుండా ఒక్కరి పేరున ప్లాన్ పెట్టడం కుదరదు. "మా అక్క ఏమీ అనదమ్మా, సంతకం ఎందుకు?" అంటారు పెద్దవాళ్ళు. ఆవిడ ఏమీ అనదు, నిజమే. కాగితం మాత్రం ఆవిడ సంతకం అడుగుతుంది. ఆడపిల్లకి అందులో వాటా ఉంది, అడగడమే న్యాయం.

లే అవుట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు పెద్ద మొత్తంలో పోయేది ఇక్కడే. అనుమతి ఉన్న లే అవుట్‌కి ఎల్‌పీ నంబరు, అంటే ఆమోదం నంబరు, ఉంటుంది. ప్లాటు అమ్మినవాడు చూపించే రంగురంగుల బ్రోచర్ చాలదు, ఎల్‌పీ నంబరు వేసి ఉన్న ఆమోదిత లే అవుట్ నకలు కావాలి. అది లేకపోతే మీది అనధికార లే అవుట్ ప్లాటు. అంతమాత్రాన ఇల్లు కట్టుకోలేరని కాదు. లే అవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్ఆర్ఎస్, కింద ప్రభుత్వం 2020లో ఒకసారి, 2025లో మళ్ళీ అవకాశం ఇచ్చింది. ఆ లే అవుట్ వేసినవాడు పార్కుకీ ఆటస్థలానికీ జాగా వదల్లేదు కాబట్టి దానికి బదులుగా ప్లాటు విలువలో కొంత శాతం కొన్నవాళ్ళే కట్టాల్సి వస్తుంది. అందుకే ప్లాటు కొనకముందే వచ్చి అడిగినవాళ్ళంటే నాకు చాలా సంతోషం. ఆ మొత్తం అప్పుడైతే బేరంలో తగ్గించుకోవచ్చు. కొన్నాక ఎవరూ తిరిగివ్వరు.

మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో కూడా తేల్చుకోవాలి. నగరపాలక సంస్థ హద్దుల్లో ఉంటే ఒక దారి. హద్దు దాటి పంచాయతీలో ఉంటే వీఎంఆర్డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, ప్రసక్తి వస్తుంది. ఒకప్పటి వుడా 2018లో వీఎంఆర్డీఏ అయింది, విజయనగరం దాని పరిధిలోనిదే. మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం నివాస జోన్‌లో ఉందా, దాని మీదుగా ఏదైనా రోడ్డు గీత పోతోందా అన్నది చూడాలి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, 2019 నుంచి ఈ ఉద్యోగం ఉంది. సర్వే నంబరు, స్థలం ఫొటో పట్టుకెళ్ళి నేరుగా అడగండి. రేపు మీ స్థలాన్ని చూడటానికి వచ్చేవాళ్ళు కూడా వాళ్ళే కావచ్చు. ముందే పరిచయం ఉంటే మంచిది.

నీళ్ళ దగ్గర స్థలాలకి ఇంకో లెక్క ఉంది. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. మన పెద్దచెరువు వైపు, ఊరి చివర కుంటల వైపు ప్లాట్లు చూసేవాళ్ళు ఎండాకాలంలో చూసి మోసపోకండి. చెరువు హద్దంటే నిండినప్పటి నీళ్ళ అంచు, మే నెలలో కనపడే అంచు కాదు. రైల్వే హద్దుకి 30 మీటర్ల లోపల కట్టాలంటే రైల్వే వాళ్ళ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. హౌరా లైనూ రాయపూర్ లైనూ కలిసే ఊరు కాబట్టి మన దగ్గర ఈ సమస్య చాలామందికి తగులుతుంది.

రోడ్డు దగ్గర జనం గాబరా పడతారు. ఇంటి ముందు రోడ్డు ఉండాల్సిన వెడల్పు లేకపోతే, రోడ్డు నడిమధ్య నుంచి కొలిచి మన వైపు సగం వదలాలి. ఆ వదిలిన ముక్క తరవాతే సెట్‌బ్యాక్ మొదలవుతుంది. ఈ రెండూ కలిపేసి "ముందు మీటరున్నర వదిలాం కదా" అనేవాళ్ళు చాలామంది. రోడ్డుకి పోయేదాన్ని నగరపాలక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. దానికి బదులుగా సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ, టీడీఆర్ బాండు (పోయిన జాగాకి బదులుగా వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే పత్రం) గానీ అడగొచ్చు. ఉచితంగా రాసిచ్చేశాం అని ఊరుకోకుండా ఇది అడగండి.

ఇప్పుడు ప్లాన్ గీయించండి. వాస్తు చూపించుకునేది కూడా ఈ దశలోనే, ప్లాన్ పాసయ్యాక కాదు. తూర్పు, ఉత్తరం ఎక్కువ వదలాలని సిద్ధాంతి గారు చెప్తారు. వదలండి, నిబంధన అడిగేది కనీసం ఇంత అని మాత్రమే. చిక్కు ఎక్కడంటే, అటు ఎక్కువ వదిలామని దక్షిణం, పడమర గోడలని హద్దుకి అంటించేస్తారు. అది కుదరదు, ప్రతి వైపూ కనీసం ఉండాల్సిందే. బయటి మెట్లు సెట్‌బ్యాక్‌లో వేయడం మా ఊళ్ళో అలవాటైపోయింది. మేస్త్రిని అడిగితే "ఏటవుద్దమ్మా, అందరూ ఇలాగే కడతన్నారు కదా" అంటాడు. మెట్లు వదలాల్సిన జాగాలోకి రాకూడదు. సంపు, బోరు లాంటివి ఆ జాగాలో పెట్టుకోవచ్చు. ఆ మీటరు జాగా ఎందుకు దండగ అనేవాళ్ళకి ఒకటే చెప్తాను. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనపడే ఇళ్ళల్లో పగలు కూడా లైటు వేసుకుని వంట చేస్తున్న ఆడవాళ్ళని నేను చూస్తున్నాను. ఆ మీటరు గాలికీ వెలుగుకీ. వాన నీటి ఇంకుడు గుంత కూడా ప్లాన్‌లో చూపించాలి, చూపించడమే కాదు, తవ్వించాలి.

దాఖలు చేయడమంతా ఆన్‌లైనే. ఏపీడీపీఎంఎస్ అని ప్రభుత్వ పోర్టల్ ఉంది. ఎల్‌టీపీ తన లాగిన్‌తో మీ డ్రాయింగ్ ఎక్కిస్తే కంప్యూటరే గీతలని చదివి సెట్‌బ్యాక్ ఎక్కడ తగ్గిందో చెప్తుంది. ఇక్కడ మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ఒకటి ఉంది. అప్లికేషన్‌లో మీ సొంత ఫోన్ నంబరే ఉండాలి. మధ్యవర్తిదో, మేస్త్రి బామ్మర్దిదో, చివరికి నాదో కూడా వద్దు. ఫీజు, షార్ట్‌ఫాల్ లాంటి మెసేజ్‌లు అప్పుడే మీకు వస్తాయి. భర్త నంబరు ఇచ్చి, ఆయన సరిహద్దులో సిగ్నల్ లేని చోట డ్యూటీలో ఉంటే ఫైలు ఆగిన సంగతే ఇంట్లో తెలీదు.

2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి వచ్చింది. 18 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి యజమానీ ఎల్‌టీపీ కలిసి "నిబంధనల ప్రకారమే కడతాం" అని హామీ పత్రం ఇచ్చి, ఫీజు కట్టి అనుమతి తెచ్చుకోవచ్చు. పని తొందరగా అవుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఇదివరకు అధికారి కన్ను పడి దొరికే తప్పులు ఇప్పుడు మీ సంతకం కింద ఉంటాయి. తరవాత తనిఖీలో తప్పు బయటపడితే అనుమతి రద్దవుతుంది, నా లైసెన్సుకీ ముప్పే. అందుకే హామీ పత్రం చదవకుండా సంతకం పెట్టకండి. తెలుగులో చెప్పించుకోండి, ఎంతసేపయినా సరే.

ఫీజుల గురించి. పర్మిట్ ఫీజు, అభివృద్ధి చార్జీలు, అనధికార లే అవుట్ అయితే పార్కు జాగాకి బదులు కట్టేది, కార్మిక సంక్షేమ సెస్సు ఇలా విడివిడిగా ఉంటాయి. సెస్సు నిర్మాణ ఖర్చులో 1 శాతం. సొంతంగా ఉండటానికి 50 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి అది వర్తించదు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో కడితే రసీదు వస్తుంది. ప్లాన్ గీసినందుకు నాలాంటివాళ్ళు తీసుకునేది వేరు. "అన్నీ కలిపి ఇంత" అని చెప్పేవాళ్ళ దగ్గర ఏది ప్రభుత్వానికి, ఏది వాళ్ళకి అని కాగితం మీద రాయించుకోండి. ఇలా అడిగితే మర్యాదగా ఉండదేమో అని మొహమాటపడతారు మావాళ్ళు. అడగడం మీ హక్కు. సరైన మనిషి ఎవరూ దానికి నొచ్చుకోరు.

స్థలం చూడటానికి సిబ్బంది వచ్చే రోజున హద్దు రాళ్ళు కనపడేలా తుప్పలు కొట్టించండి, దస్తావేజు నకలు చేతిలో ఉంచుకోండి. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరని వాయిదా వేయమనకండి. యజమానురాలు మీరు, చూపించాల్సింది మీరే.

ఆషాఢం వచ్చేస్తోందని ప్రొసీడింగ్స్, అంటే అనుమతి పత్రం, రాకుండానే పునాది తవ్వించేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ముహూర్తానికి పూజ చేసుకుని, ఒక రాయి వేసుకోండి, ఎవరూ వద్దనరు. పునాది మాత్రం కాగితం వచ్చాకే. అనుమతి లేకుండా కడితే, లేదా అనుమతిని మించి కడితే, ఆ తేడాని బట్టి ఇంటి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అదనంగా వేస్తారు. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు, ఏటా కడుతూనే ఉండాలి. బ్యాంకు లోన్ కూడా పాసైన ప్లాన్ చూసే ఇస్తారు, వాళ్ళ ఇంజనీరు గోడ లేచాక వచ్చి ప్లాన్‌తో పోల్చి చూశాకే తరవాతి వాయిదా విడుదలవుతుంది.

ప్రొసీడింగ్స్ చేతికొచ్చాక చదవండి. అందులో షరతులు ఉంటాయి, గడువు ఉంటుంది. మామూలు ఇళ్ళకి 3 ఏళ్ళు. ఆ లోపు పూర్తి కాదనిపిస్తే గడువు దాటకముందే పొడిగింపు అడగాలి. పాసైన ప్లాన్ నకలు ఒకటి సైట్‌లో, మేస్త్రి కళ్ళ ముందు ఉండాలి. బీరువాలో దాచిన ప్లాన్ చూసి ఎవరూ గోడ కట్టరు. ముగ్గు పోసిన రోజున, ఇటుక పేర్చకముందే, మీరే టేపు పట్టుకుని హద్దు నుంచి గోడ దాకా నాలుగు వైపులా కొలిచి, ఫోన్‌లో ఫొటో తీసి మీ ఆయనకి పంపండి. పిల్లర్లు లేచాక మార్చడం కన్నా ముగ్గు చెరిపి మళ్ళీ పోయడం ఎంతో సులువు. మధ్యలో ఏదైనా మార్చాలనిపిస్తే, ఇంకో గది వేద్దాం అనిపిస్తే, ముందు నా దగ్గరికో మీ ఎల్‌టీపీ దగ్గరికో రండి. రివైజ్డ్ ప్లాన్ పెట్టుకునే దారి ఉంది.

ఇల్లు పూర్తయ్యాక కంప్లీషన్ నోటీసు ఇచ్చి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోండి. ఓసీ అంటారు దాన్ని. అపార్ట్‌మెంట్ల లాంటి పెద్ద కట్టడాల్లో కట్టిన విస్తీర్ణంలో కొంత భాగం నగరపాలక సంస్థకి తనఖా ఉంటుంది, ఓసీ వచ్చాకే విడుదల. కాబట్టి వాళ్ళు ఎలాగూ తీసుకుంటారు, అశ్రద్ధ చేసేది సొంత ఇంటివాళ్ళే. ఆ తరవాత ఖాళీ స్థలం పన్ను ఆపించి ఇంటి పన్ను వేయించుకోవాలి, ఆ అసెస్‌మెంట్ నంబరుతోనే కుళాయికి దరఖాస్తు పెట్టాలి. కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక మీటరు ఉంటుంది కదా, దాన్ని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళ దగ్గర పర్మనెంట్ కనెక్షన్‌గా మార్పించుకోండి. ఓసీ ఒక నకలు వెంట తీసుకెళ్ళండి. పని నడిచే రోజుల్లో వాడిన టారిఫే ఇంట్లో దిగాక కూడా కొనసాగితే బిల్లు వాచిపోతుంది.